తాత ముత్తాతల పేర్లు ఎక్కడ రాసి ఉంటాయి? చిత్తూరు, తిరుపతి పాత రికార్డుల తీరు

తాత పేరు అడిగితే అందరూ చెబుతారు. ముత్తాత పేరు ఇంట్లో పెద్దవాళ్లు గుర్తుచేసుకుంటారు. ఆ పైతరం పేరు అడిగితే చాలా ఇళ్లలో జవాబు ఉండదు. మహాలయ అమావాస్యకు తర్పణం వదిలేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాల పేర్లే చెబుతారు. పెళ్లిలో ప్రవర చదివేటప్పుడూ అంతే. నోటి జ్ఞాపకానికి మన దగ్గర ఆచారం పెట్టిన హద్దు మూడు తరాలు. దానికి పైన ఏం తెలియాలన్నా కాగితం కావాలి.

ఈ మధ్య ఆ కాగితాల అవసరం పెరిగింది. తాత పేరు మీదే ఉండిపోయిన భూమిని వారసుల పేరుకు మార్చాలంటే రెవెన్యూ వాళ్లు వంశవృక్షం అడుగుతారు. 2025 జూన్‌లో బీహార్‌లో మొదలై నవంబరులో తమిళనాడు సహా మరికొన్ని రాష్ట్రాలకు వెళ్లిన ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణలో, పాత జాబితాలో తమ పేరో తల్లిదండ్రుల పేరో చూపమని అడిగారు. సరిహద్దుకు రెండు వైపులా చుట్టాలున్న నగరి, పుత్తూరు, సత్యవేడు ప్రాంతాల్లో దీని మీద బాగానే చర్చ నడిచింది. దక్షిణాఫ్రికా, ఫిజీ నుంచి తమ పూర్వీకుల ఊరు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు వేరే. అందరికీ ఎదురయ్యే చిక్కు ఒక్కటే: అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

క్లుప్తంగా చెప్పాలంటే: ఈ ప్రాంతంలో పాత ప్రభుత్వాలు కుటుంబాల లెక్క రాయలేదు, భూమి లెక్క రాశాయి. కాబట్టి పేరుతో కాకుండా ఊరు, సర్వే నంబరుతో వెతకాలి. ఆ ఊరు ఆ కాలంలో ఏ జిల్లా, ఏ తాలూకా, ఏ జమీందారీ కింద ఉందో ముందు తేల్చుకోవాలి. ఇనాం రిజిస్టర్లు, రిజిస్ట్రేషన్ దస్తావేజులు తరాల సంబంధాలను బాగా చూపిస్తాయి. భూమి లేని కుటుంబాలకు బడి, చర్చి, వలస రికార్డులు దారి చూపుతాయి.

జనాభా లెక్కలు ఎందుకు పనికిరావు

వంశవృక్షం గురించి ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం అమెరికా, బ్రిటన్ వాళ్లు తమ కోసం రాసుకున్నవి. అక్కడ ఇంటింటి జనాభా లెక్కల పట్టీలను కొంత కాలం దాచి, తర్వాత జనానికి చూపిస్తారు. అమెరికాలో ఆ గడువు 72 ఏళ్లు. అందుకే 1950 నాటి పట్టీలు 2022లో బయటికి వచ్చాయి. బ్రిటన్‌లో గడువు 100 ఏళ్లు. ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, వయసెంత, ఏం పని చేసేవారు అన్నీ ఒక్క పేజీలో దొరుకుతాయి.

మన దేశంలో ఆ దారి లేదు. 1948 జనాభా లెక్కల చట్టం 15వ సెక్షన్ ప్రకారం వ్యక్తుల వివరాలున్న పట్టీలను ఎవరికీ చూపరు. ఎన్నేళ్లు గడిచినా తెరుస్తామన్న నియమం కూడా లేదు. అంతకు ముందు కాలానికి దొరికేవి గ్రామం, తాలూకా మొత్తం అంకెలే. 1881లో ఒక ఊళ్లో ఎంతమంది ఉన్నారో తెలియవచ్చు, వాళ్లెవరో తెలియదు.

జనన మరణాల రిజిస్టర్లు ఉన్నాయి కదా అనిపిస్తుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో దీనికి 1899లో చట్టం వచ్చింది. దేశమంతటికీ ఒకే చట్టం 1969లో వచ్చి, 1970 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. పాత కాలంలో పల్లెల్లో గ్రామ మునసబు రాసి తాలూకా కచేరీకి పంపేవాడు. ఆసుపత్రిలో కాకుండా ఇంట్లో పుట్టినవాళ్ల సంగతి ఆయన చెవిన పడితేనే పుస్తకంలోకి ఎక్కేది. ఎక్కినా బిడ్డకు అప్పటికి పేరు పెట్టి ఉండరు గనుక 'మగ శిశువు', 'ఆడ శిశువు' అని మాత్రమే ఉంటుంది. తండ్రి పేరు, ఊరు, తేదీ పట్టుకుని పోల్చుకోవాలి. పట్టణాల్లో పరిస్థితి కొంత మెరుగు. తిరుపతి మున్సిపాలిటీ 1886లో, చిత్తూరు మున్సిపాలిటీ 1917లో ఏర్పడ్డాయి. పట్టణంలో పుట్టిన, పోయిన వాళ్ల కోసం మున్సిపల్ రిజిస్టర్లనే ముందు చూడాలి.

ఆ ఊరు అప్పుడు ఏ జిల్లా?

వెతుకులాటలో ఎక్కువ కాలం వృథా అయ్యేది ఇక్కడే. ఇప్పటి జిల్లా పేరు పట్టుకుని ఆఫీసుకు వెళ్తే, ఆ ఊరి పాత కాగితాలు అక్కడ లేవనే జవాబు వస్తుంది. చాలాసార్లు అవి పోయి ఉండవు, వేరే చోట ఉంటాయి.

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకు ముందు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు వైపు ఊళ్లు, కాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు జమీందారీలు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాకు ముఖ్యపట్టణం కూడా చిత్తూరే. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లా నుంచి వచ్చాయి. ఈ తేడా పాలనా పరమైనదే అయినా దాని మూలం ఇంకా పాతది. కడప వైపు ప్రాంతం 1800లో నిజాం కుంఫిణీకి (ఈస్టిండియా కంపెనీకి) వదిలేసిన దత్త మండలాల్లోది. ఆర్కాటు వైపు ప్రాంతం 1801లో నవాబు నుంచి వచ్చింది. అందుకే వాల్మీకిపురం మండలంలో ఒక పల్లె గురించి 19వ శతాబ్దపు కాగితం కావాలంటే కడప జిల్లా రికార్డుల్లో చూడాలి. కుంఫిణీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ ఊరూరా రాయించిన కైఫీయతుల్లోనూ (ఊరి చరిత్రల్లోనూ) ఆ పల్లె కడప వైపే కనిపిస్తుంది.

ఆ తర్వాత రెండు పెద్ద మార్పులు వచ్చాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. సరిహద్దు తగువులో మధ్యవర్తి పటాస్కర్ చేసిన సిఫారసుల మీద 1959లో వచ్చిన చట్టం 1960 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చి, తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతం మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల నుంచి సత్యవేడు చుట్టుపక్కల ఊళ్లు చిత్తూరు జిల్లాకు వచ్చాయి. అంటే సత్యవేడు కుటుంబానికి 1960కి ముందు కాగితం చెంగల్పట్టు జిల్లా రికార్డుల్లో ఉంటుంది, తిరుత్తణి కుటుంబానికి చిత్తూరులో ఉండే అవకాశం ఉంది.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఒక తాలూకా కచేరీలోని పుస్తకాలు ఐదారు మండలాలకు పంచుకున్నట్టు వెళ్లాయి, కొన్ని పాత చోటే ఉండిపోయాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో తిరుపతి జిల్లా వచ్చింది. అందులో గూడూరు, వెంకటగిరి, సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతం అప్పటిదాకా నెల్లూరు జిల్లాది. ఇప్పుడు తిరుపతి కలెక్టరేట్ పరిధిలో ఉన్న వెంకటగిరి రైతు పూర్వీకుల కాగితం నెల్లూరులో, పక్కనే శ్రీకాళహస్తి రైతుది చిత్తూరులో, అంతకన్నా పాతదైతే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉండవచ్చు. ఎగ్మూరు భవనం 1909లో మద్రాసు రికార్డు ఆఫీసుగా మొదలైంది. ప్రెసిడెన్సీ కాలపు జిల్లా రికార్డులు చాలావరకు అక్కడే ఉన్నాయి.

ఇంగ్లిష్ పాత రికార్డుల్లో ఊళ్ల పేర్లు కూడా ఇప్పటిలా కనిపించవు. తిరుపతిని 'ట్రిపెట్టి' అని, కాళహస్తిని 'కాలాస్ట్రి' అని రాశారు. ఇప్పటి స్పెల్లింగుతో ఆన్‌లైన్‌లో వెతికితే ఏమీ రాకపోవడానికి ఇదొక కారణం.

ఇనాం రిజిస్టర్: తరాలు రాసిన అరుదైన పుస్తకం

మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసింది. పాత రాజులు, పాళెగాళ్లు, నవాబులు పన్ను లేకుండానో, నామమాత్రం పన్నుకో ఇచ్చిన భూములు ఊరూరా ఉండేవి. వాటిలో ఏవి నిజమైనవి, ఎవరి చేతిలో ఉన్నాయి, వాళ్లకు హక్కు ఎలా వచ్చింది అని తేల్చడం కమిషన్ పని. 1860లలో ఈ విచారణ పల్లె పల్లెకూ జరిగింది.

వంశం వెతికేవాళ్లకు ఇది ఎందుకు ముఖ్యమంటే, ఇనాం నిలవాలంటే వారసత్వం నిరూపించాలి. అందుకని ఇనాం ఫెయిర్ రిజిస్టర్‌లో ఇనాం ఎవరు ఇచ్చారు, మొదట ఎవరు పుచ్చుకున్నారు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, అతని వయసెంత, మొదటి వ్యక్తికి ఏమవుతాడు, అతని తర్వాత వారసులెవరు అనే వివరాలకు వేర్వేరు గడులు ఉన్నాయి. 1862లో 60 ఏళ్ల మనిషి తాత పేరు అందులో ఉంటే, ఒక్క వరుసతో 1750 ప్రాంతానికి వెళ్లిపోవచ్చు. ఈ ప్రాంతంలో సామాన్య కుటుంబాలకు దొరికే ప్రభుత్వ కాగితాల్లో ఇంత వెనక్కి తీసుకెళ్లేది మరొకటి దాదాపు లేదు.

ఇనాం అనగానే బ్రాహ్మణ అగ్రహారాలే గుర్తుకొస్తాయి. నిజానికి సర్వీసు ఇనాంలు ఊరికి పనిచేసే అందరికీ ఉండేవి. తలారి, వెట్టి, నీరుగంటి, వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి, గుడిలో మేళం వాయించేవాళ్లు, దర్గా, మసీదు చూసుకునేవాళ్లు అందరి పేర్లూ రిజిస్టర్లకు ఎక్కాయి. చెరువు తూము తీసే నీరుగంటి కుటుంబం 160 ఏళ్ల కిందటి పూర్వీకుణ్ణి ఇందులో కనుక్కోవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియకపోవడం నష్టమే. పెద్ద కులాల రికార్డు అనుకుని వదిలేస్తున్నారు.

ఫెయిర్ రిజిస్టర్ నకళ్లు కలెక్టరేట్ రికార్డు రూమ్‌లో, రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగాలి. ఊరి పేరు, టైటిల్ డీడ్ నంబరు తెలిస్తే పని తేలిక. ఆ నంబరును టి.డి. నంబరు అంటారు, పాత దస్తావేజుల్లో సర్వే నంబరు పక్కన కనిపిస్తుంది. దేవాదాయ, వక్ఫ్ భూముల వివాదాల్లో ఈ రిజిస్టరే సాక్ష్యం కాబట్టి కోర్టు ఫైళ్లలో కూడా నకళ్లు చేరి ఉంటాయి.

డైగ్లాట్, అడంగల్, టెన్ వన్

రైతువారీ ఊళ్లలో, అంటే రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే ఊళ్లలో, బ్రిటిష్ కాలపు సెటిల్‌మెంట్ రిజిస్టర్‌ను ఆఫీసుల్లో డైగ్లాట్ అనీ, ఆర్.ఎస్.ఆర్. అనీ అంటారు. ప్రతి సర్వే నంబరుకూ భూమి రకం, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు ఉంటాయి. దీని లోపం ఏమిటంటే సాధారణంగా పేరొక్కటే ఉంటుంది, తండ్రి పేరు ఉండదు. ఈ జిల్లాలో అది పెద్ద ఇబ్బంది. మునిస్వామి, మునెప్ప, చెంగల్రాయుడు, గంగులప్ప లాంటి పేర్లు ఒక్కో ఊళ్లో పదిమందికి ఉండేవి. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వల్ల ఒకే పేరు ఒక తరం విడిచి ఒక తరం మళ్లీ వస్తుంది. డైగ్లాట్‌లో ఉన్న మునిస్వామి తాతా, తాత తాతా అన్నది ఆ ఒక్క పేజీ చెప్పలేదు.

దాన్ని తేల్చడానికి ఊరి లెక్కలు కావాలి. కరణం ఏటేటా రాసే అడంగల్‌లో ఎవరు సాగు చేశారో ఉంటుంది. టెన్ వన్ అనే పట్టాల లెక్కలో పట్టా నంబరు వారీగా పేర్లుంటాయి. ఒక ఏడాది ఒక పేరు పోయి దాని చోట రెండు మూడు పేర్లు వస్తే, తండ్రి పోయాడని, అన్నదమ్ములు పాలు పంచుకున్నారని అర్థం. ఏ ఉత్తర్వు మీద మార్చారో పక్కన నంబరు ఉంటుంది. ఆ నంబరు ముందు 'ఆర్.డిస్.' అని ఉంటే ఆ ఫైలు శాశ్వతంగా ఉంచాల్సిన తరగతిది, అడిగి చూడటం దండగ కాదు. 'డి.డిస్.' అయితే పదేళ్లు ఉంచేది, 'ఎల్.డిస్.' అయితే ఏడాదికే తీసేయగలిగేది.

జమీందారీ ఊళ్ల కథ వేరు. కాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు, కుప్పం వైపు కంగుంది జమీందారీల్లో రైతుల లెక్కలు జమీందారు కచేరీలోనే ఉండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే ప్రభుత్వం అక్కడ రైతువారీ సెటిల్‌మెంట్ చేసింది. కాబట్టి ఆ ఊళ్లలో సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ 1950ల ముందుకు వెళ్లదు. పక్కపక్క ఊళ్లయినా ఒకదానికి 19వ శతాబ్దపు పేర్లు దొరికి, ఇంకోదానికి దొరకకపోవడానికి కారణం ఇదే. జమీందారీ ఊళ్లలో అంతకు ముందు కాలానికి శిస్తు వసూలు దావాలు, రిజిస్టర్ దస్తావేజులు ఆధారం అవుతాయి.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరికేవి

దస్తావేజుల రిజిస్ట్రేషన్ మన దగ్గర 1865 నుంచి ఉంది. ఇప్పటి చట్టం 1908ది. ఒక పాత క్రయ దస్తావేజులో అమ్మినవాడి పేరు, తండ్రి పేరు, కులం, వృత్తి, కాపురం ఉండే ఊరు, భూమి ఎలా సంక్రమించింది, నాలుగు దిక్కులా హద్దులు ఎవరివి అనేవన్నీ ఉంటాయి. హద్దుల్లో వచ్చే పేర్లు చాలాసార్లు దాయాదులవే. 'పిత్రార్జితం' అని రాస్తే వెనకో తరం ఉందని, 'మా తాతగారు ఫలానా వారి వద్ద కొన్నది' అని రాస్తే ఇంకో దస్తావేజు ఉందని తెలుస్తుంది.

క్రయ దస్తావేజు కంటే భాగ పరిష్కార దస్తావేజు విలువైంది, అన్నదమ్ముల పిల్లలందరి పేర్లూ అందులో వస్తాయి. రిజిస్టర్ చేయించకుండా పెద్దమనుషుల ముందు రాసుకున్న పారికత్తులు (పాలు పంచుకున్న పత్రాలు) ఇళ్లలో పెట్టెల్లో ఉంటాయి. వీటిని చిరిగిపోతున్నాయని పారేసేముందు ఒక ఫోటో తీసి ఉంచుకోవడం మంచిది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈసీ (ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందు కాలానికి సంబంధిత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేత్తో వెతికించాలి. అక్కడ రెండు సూచికలు ఉంటాయి. ఇండెక్స్-1 మనుషుల పేర్లతో, ఇండెక్స్-2 ఆస్తి వివరాలతో. పేరు తెలిసి భూమి తెలియనివాళ్లకు ఇండెక్స్-1 ఒక్కటే దారి. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కే బుక్-1ను, దాని సూచికలను ఫీజు కట్టి ఎవరైనా చూడవచ్చని చట్టం 57వ సెక్షన్ చెబుతుంది. వీలునామాలు, దత్తత అధికారాలు ఉండే బుక్-3కు మాత్రం ఆంక్షలున్నాయి. వీలునామా రాసిన మనిషి పోయిన తర్వాతే ఇతరులు దాని నకలు అడగగలరు.

ఆడవాళ్ల పేర్లు వెతకడానికి కూడా ఈ ఆఫీసే మేలు. పట్టా పుస్తకాల్లో వాళ్లు అరుదు. కానీ కూతురికి పసుపు కుంకుమ కింద భూమి రాసిచ్చిన దస్తావేజులో పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు రెండూ ఉంటాయి. భర్త పోయిన ఇల్లాలికి మనోవర్తి (భరణం) కింద రాసిన పత్రాల్లోనూ అంతే. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇస్తూ రాష్ట్రం చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తిస్తుంది. ఆ తర్వాతి భాగ పత్రాల్లో కూతుళ్ల పేర్లు కనిపించడం మొదలైంది. అంతకు ముందు పత్రంలో కూతురి పేరు లేకపోతే ఆ ఇంట్లో ఆడపిల్లలు లేరనుకోకూడదు.

ఇంటిపేరు ఎక్కడ తెగుతుంది

ఇంటిపేరు ఒకటైతే వంశం ఒకటే అనుకోవడం, వేరైతే సంబంధం లేదనుకోవడం రెండూ పొరపాట్లకు దారితీస్తాయి. రాయలసీమలో ఇల్లరికం బాగా ఉన్న ఆచారం. మద్రాసు కోర్టులు రెడ్ల, కమ్మవారి ఇల్లరికపు అల్లుడికి ఆస్తి హక్కును ఆచారంగా ఒప్పుకున్నాయి. ఆ ఇంట్లో భూమి మామ నుంచి అల్లుడికి వెళ్తుంది, ఇంటిపేరు మారిపోతుంది. పట్టాలో పేరు మారగానే భూమి అమ్మేశారనుకుంటే వంశం అక్కడ తెగిపోయినట్టు కనిపిస్తుంది. అదే సర్వే నంబరుకు క్రయ దస్తావేజు లేకపోతే ఇల్లరికమో, దత్తతో జరిగి ఉండవచ్చని అనుమానించాలి.

జిల్లా దక్షిణం వైపు ఇంకో రకం. నగరి, చిత్తూరు, కుప్పం ప్రాంతాల్లో తమిళం మాట్లాడే మొదలియార్లు, వన్నియర్లు వంటి వారికి ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరు మొదటి అక్షరమే ఇనీషియల్. తరం మారినప్పుడల్లా ఇనీషియల్ మారుతుంది. తెలుగు కుటుంబాల్లోనూ బడిలో చేర్చేటప్పుడు తండ్రి పేరు ఇనీషియల్‌గా రాయించినవాళ్లు ఉన్నారు. ఇలాంటి చోట ఇంటిపేరుతో వెతకడం మానేసి తండ్రి, కొడుకు పేర్ల జతతో వెతకాలి.

భూమి లేనివాళ్ల జాడ

ఇప్పటిదాకా చెప్పిన పద్ధతికి పెద్ద లోపం ఉంది. భూమి లేనివాళ్లు భూమి రికార్డులో ఉండరు. కూలి పనుల మీద బతికిన దళిత కుటుంబాలు, సంచార కులాలు పాత లెక్కల్లో పేరు లేకుండా పోయాయి. వాళ్ల చరిత్ర లేదని దీని అర్థం కాదు, వేరే పుస్తకాల్లో ఉంది.

మొదటిది డీకేటీ పట్టా. దర్కాస్తు (భూమి కోరే అర్జీ) పెట్టుకున్న పేదలకు ప్రభుత్వ భూమి ఇచ్చే విధానం 1954 ఉత్తర్వుతో ఒక పద్ధతికి వచ్చింది. అసైన్‌మెంట్ రిజిస్టర్‌లో పట్టా పొందిన మనిషి పేరు, తండ్రి పేరు, కులం, ఊరు ఉంటాయి. చాలా కుటుంబాలకు ప్రభుత్వ పుస్తకంలో పేరు ఎక్కిన మొదటి సందర్భం అదే.

రెండోది బడి. అడ్మిషన్ రిజిస్టర్‌లో బిడ్డ పేరు, తండ్రి లేదా సంరక్షకుడి పేరు, కులం, ఊరు, వృత్తి ఉంటాయి. పుట్టిన తేదీని మాత్రం నమ్మకూడదు. ఐదేళ్లు నిండాయని చూపడానికి అయ్యవారు ఒక తేదీ వేసేవారు.

మూడోది చర్చి. అమెరికన్ ఆర్కాట్ మిషన్ 1853 నుంచి ఈ ప్రాంతంలో పనిచేసింది. చిత్తూరు, మదనపల్లె, పలమనేరు, పుంగనూరు దాని కేంద్రాలు. తిరుపతి, కాళహస్తి, నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ 1865 నుంచి ఉంది. బాప్తిస్మం, పెళ్లి, సమాధి రిజిస్టర్లలో పేరు, తల్లిదండ్రుల పేర్లు, పాత పేరు, ఊరు ఉంటాయి. తల్లి పేరు కూడా రాయడం వీటి ప్రత్యేకత. ముస్లిం కుటుంబాలకు ఖాజీ దగ్గరుండే నికా రిజిస్టర్లు ఇలాంటివే. వరుడి, వధువు తండ్రుల పేర్లు, సాక్షుల పేర్లు దొరుకుతాయి.

నాలుగోది వలస. 1876-78 నాటి ధాత కరువు, తర్వాతి కరువులు ఈ ప్రాంతం నుంచి వేలమందిని మద్రాసు ఓడరేవుకు తోలాయి. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు 1860 నుంచి 1911 వరకు లక్షన్నర మందికి పైగా ఒప్పంద కూలీలు వెళ్లారు. మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరింది. ఓడల జాబితాల్లో ప్రతి మనిషికీ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాశారు. ఫిజీకి దక్షిణాది నుంచి వలస 1903లో మొదలై 1916 దాకా సాగింది. ఆ వలస పాసుల్లోనూ ఇవే వివరాలు, దగ్గరి బంధువు పేరుతో సహా. వాటిలో 'ఉత్తర ఆర్కాటు' అని ఉంటే ఇప్పటి వేలూరు వైపే వెతుకుతారు. 1911కు ముందు అది చిత్తూరు, చంద్రగిరి, కాళహస్తి కూడా కావచ్చు. తాలూకా పేరు చూసి తేల్చుకోవాలి. తమ ఊళ్లో ఒక్క సెంటు పట్టా లేని మనిషి గురించి, అదే ఊరి పట్టాదారు కంటే ఎక్కువ వివరాలు ఓడ జాబితాలో ఉండటం ఈ రికార్డుల్లో కనిపించే విచిత్రం.

గుడి శాసనాలు, కుల వంశావళులు

తిరుమల దగ్గరుంది కాబట్టి దేవస్థానంలో అందరి వివరాలూ ఉంటాయని చాలామంది ఆశపడతారు. గయ, హరిద్వార్ పండాల దగ్గర యాత్రికుల కుటుంబాల బహీలు (వంశాల పుస్తకాలు) ఉంటాయి. కాశీ, గయ వెళ్లి పిండప్రదానం చేసిన తెలుగు కుటుంబాలు అక్కడ అడిగితే తాతలు వచ్చిన ఏడాది, సంతకం దొరికే అవకాశం ఉంది. తిరుమలలో దొరికేది వేరు: దానం ఇచ్చినవాళ్ల, గుడిలో హక్కు ఉన్నవాళ్ల చరిత్ర.

తిరుమల, తిరుపతి శాసనాలు వెయ్యికి పైగా ఉన్నాయి, దేవస్థానం వాటిని సంపుటాలుగా అచ్చువేసింది. తాళ్లపాక వారి వంశం దానికి మంచి ఉదాహరణ. అన్నమయ్య, కొడుకు పెద తిరుమలయ్య, మనవడు చిన తిరుమలయ్య, వాళ్ల దానాలు, గుడిలో వాళ్ల హక్కులు శాసనాలు, రాగిరేకుల వల్ల తరం వెంట తరం తెలుస్తున్నాయి. మిరాశీ (వంశపారంపర్య హక్కున్న) అర్చకులైన పైడిపల్లి, గొల్లపల్లి, పెద్దింటి, తిరుపతమ్మ కుటుంబాల వంశక్రమాలు కూడా హక్కుల లెక్క కోసమే భద్రంగా నిలిచాయి. 1987 చట్టం వంశపారంపర్య హక్కులను రద్దు చేసింది, 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 1843 నుంచి 1933 వరకు దేవస్థానం హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉంది కాబట్టి, దేవస్థానం ఊళ్ల రైతుల ఆ కాలపు లెక్కలు వాళ్ల పాలనకు చెందినవి. సామాన్య యాత్రికుడి కుటుంబానికి మాత్రం ఇవేవీ పెద్దగా ఉపయోగపడవు.

నోటి వంశావళులు ఇంకో ఆధారం. రెడ్లు, కమ్మవారి గోత్రాలు, ఇంటిపేర్లు చెప్పే పిచ్చిగుంట్లవారిని ఇప్పుడు ప్రభుత్వ జాబితాలో వంశరాజ్ అంటున్నారు. మాదిగలకు డక్కలివారు, గొల్లలకు మందెచ్చులవారు, వైశ్యులకు వీరముష్టివారు ఇలా చెప్పేవాళ్లు. వీళ్లు ఊరూరా తిరిగి కొత్తగా పుట్టినవాళ్ల పేర్లు కలుపుకునేవాళ్లు. వీళ్లు చెప్పే మొదటి భాగం పురాణం, చివరి నాలుగైదు తరాలు వాస్తవానికి దగ్గరగా ఉంటాయి. కుటుంబం ఎక్కడి నుంచి వచ్చింది, ఏ పేట నుంచి విడిపోయారు అన్న సంగతులు వేరే ఏ కాగితంలోనూ దొరకవు. చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు, విన్నప్పుడు రికార్డు చేసుకోవాలి.

ఏళ్ల లెక్క

రెవెన్యూ కాగితాల్లో ఫసలీ (జులైలో మొదలయ్యే రెవెన్యూ ఏడాది) ఉంటుంది. దానికి 590 కలిపితే ఇంగ్లిష్ ఏడాది. ఫసలీ 1321 అంటే 1911 జులై నుంచి 1912 జూన్ వరకు. పారికత్తుల్లో, తాటాకుల్లో తెలుగు సంవత్సరం పేరు ఉంటుంది. అది 60 ఏళ్లకొకసారి తిరిగి వస్తుంది. 'ప్లవ' అంటే 1901-02 కావచ్చు, 1961-62 కావచ్చు. రాసిన మనిషి పేరు, స్టాంపు కాగితం మీది బొమ్మ, రూపాయి-అణాల లెక్క చూసి ఏదో తేల్చాలి.

ముందు ముందు ఏం మారుతుంది

1984లో కరణం, మునసబు వంశపారంపర్య పదవులు రద్దయ్యాయి. చాలా ఊళ్ల లెక్కలు అప్పటిదాకా వాళ్ల ఇళ్లలోనే ఉండేవి. కొన్ని ఆఫీసులకు చేరాయి, కొన్ని చేరలేదు. పాత కరణాల ఇళ్లలో ఇంకా మిగిలిన కట్టలు ఆ కుటుంబాలు పట్టణాలకు వెళ్లే కొద్దీ పోతున్నాయి. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయాయి. ఒకే ప్రతి ఉన్న రికార్డుకు ఎంత ముప్పో అందరికీ తెలిసింది. నకలు తీసుకునే పని వాయిదా వేయకూడదనడానికి అంతకంటే కారణం అక్కర్లేదు.

2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే మరో మార్పు తెచ్చింది. సర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల చోట ఎల్పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో కొత్త నంబరు మాత్రమే చూసేవాళ్లకు 1930 నాటి దస్తావేజులోని నంబరుతో సంబంధం కనిపించదు. పాత నంబరుకు ఏ కొత్త నంబరు వచ్చిందో చూపే పట్టిక ప్రతిని ఇప్పుడే ఊరి సచివాలయంలో అడిగి, పాత పాసు పుస్తకం, పాత 1-బి (ఖాతా వివరాల పత్రం), ఎఫ్.ఎం.బి. (పొలం కొలతల పటం) నకళ్లతో కలిపి ఉంచుకోవాలి. పదేళ్ల తర్వాత ఆ పట్టిక కోసం తిరగడం కష్టమవుతుంది. కొత్త జిల్లాలకు ఫైళ్లు పంచే పని జరిగిన చోట ఏ ఏడాది వరకు రికార్డు పాత కలెక్టరేట్‌లో ఉంచారో రాతపూర్వకంగా అడిగి తెలుసుకుంటే, రెండు ఆఫీసుల మధ్య తిరగాల్సిన పని తప్పుతుంది. దరఖాస్తులో కుటుంబ చరిత్ర కావాలని రాస్తే సిబ్బందికి ఏ పుస్తకం తీయాలో తెలియదు. ఊరు, పాత తాలూకా, సర్వే నంబరు, ఫసలీ, కావలసిన రిజిస్టర్ పేరు రాసి ధ్రువీకరించిన నకలు అడిగితే వెతికి ఇవ్వగలుగుతారు.